పడవే ఇల్లయితే పనులెన్ని? ఇంగ్లండ్ కాలువ పడవల నిర్వహణ లెక్క

క్లుప్తంగా: ఇంగ్లండ్‌లో ఇళ్ల అద్దెలు పెరిగేకొద్దీ కాలువ పడవల్లో కాపురం ఉండేవాళ్ల సంగతి వార్తల్లో, వీడియోల్లో తరచూ కనిపిస్తోంది. అద్దె మిగులుతుందన్నది చాలావరకు నిజమే. కానీ పట్టణంలో ఇంటికి తెలియకుండా జరిగిపోయే నీళ్లు, మురుగు, కరెంటు, చెత్త పనులన్నీ పడవలో మనిషి చేతిమీదుగా జరగాలి. రాత్రింబవళ్లు నీళ్లలో నానే ఉక్కును కాపాడుకోవడం వీటికి అదనం. ఈ పనులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకటి వాయిదా వేస్తే మరో రెండు మీద పడతాయి.

## ఏడడుగుల లాకు కొలిచిన ఇల్లు

ఇంగ్లండ్ కాలువల్లో ఎక్కువ భాగం 1760ల నుంచి 1830ల మధ్య తవ్వినవి. రైళ్లు రాకముందు బొగ్గు, సున్నపురాయి, పింగాణీ సామాను మోయడం వాటి పని. ఖర్చు, నీళ్లు రెండూ ఆదా అవుతాయని జేమ్స్ బ్రిండ్లీ వంటి ఇంజినీర్లు మధ్య ఇంగ్లండ్‌లో లాకుల వెడల్పును సుమారు 7 అడుగులకు కుదించారు. రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ కొలతే శాసిస్తోంది. ఆ లాకుల్లో పట్టాలంటే పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలకు మించకూడదు. నారోబోట్ అంటే ఈ సన్నటి పడవే. పొడవు 70 అడుగుల దాకా ఉండొచ్చు గానీ, దాదాపు అన్ని కాలువల్లో తిరగాలంటే 57 అడుగులు సురక్షితమని పడవల వాళ్ల లెక్క. అందులో నివాసానికి మిగిలేది 300 చదరపు అడుగుల లోపే.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవాళ్లకు లాకులంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరంలోనూ విజయవాడలోనూ ఉన్నవి ఆ రకమే: రెండు తలుపుల మధ్య నీటి మట్టాన్ని పెంచి, దించి పడవను దాటించే గదులు. తేడా ఏమిటంటే ఇంగ్లండ్‌లో సరుకు రవాణా పోయాక కాలువలు పాడుబడిపోకుండా విహారానికి, నివాసానికి మళ్లాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల జలమార్గాలను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చూస్తోంది. అంతకుముందు ఆ బాధ్యత ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ వాటర్‌వేస్‌ది. ట్రస్ట్ కాలువల్లో సుమారు 35 వేల పడవలు ఉన్నాయి. వీటిలో అన్నీ ఇళ్లు కావు. వారాంతాల్లో మాత్రమే కదిలేవే చాలా. లైసెన్సు కావాలంటే 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం మూడు షరతులు పెడుతుంది. బీమా ఉండాలి. పడవ భద్రతా తనిఖీ జరిగిందని చెప్పే బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్ ఉండాలి. పడవను కట్టుకోవడానికి సొంత రేవైనా ఉండాలి, లేదా ఎక్కడా 14 రోజులకు మించి ఆగకుండా తిరుగుతూనైనా ఉండాలి. ఈ మూడో షరతు పైకి రవాణా నియమంలా కనిపిస్తుంది గానీ, ఇంటి పని ఎప్పుడు, ఎక్కడ చేయాలో చాలావరకు తేల్చేది అదే.

## నీళ్లు: 500 లీటర్లలో సంసారం

బ్రిటన్‌లో మామూలు ఇంట్లో ఒక మనిషి రోజుకు సుమారు 140 లీటర్ల నీళ్లు వాడతాడు. నారోబోట్ ముందు భాగంలో ఉండే ట్యాంకులో 300 నుంచి 700 లీటర్లు పడతాయి. 500 లీటర్ల ట్యాంకు ఉందనుకుంటే, ఇంటి అలవాటుతో ఇద్దరు వాడితే రెండు రోజులు కూడా రావు. అవే నీళ్లు 14 రోజులు రావాలంటే మనిషికి రోజుకు 18 లీటర్ల లోపు సరిపెట్టుకోవాలి. స్నానం, గిన్నెలు, వంట, తాగడం అన్నీ అందులోనే. వాషింగ్ మెషీన్ ఒకసారి తిరిగితే 50 లీటర్ల దాకా పోతాయి కాబట్టి, బట్టలు ఉతకడం ఎప్పుడన్నది కొళాయి దగ్గరకు ఎప్పుడు చేరతామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎండాకాలంలో మంచినీళ్ల ట్యాంకర్ కోసం చూసే వీధుల్లో పెరిగినవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. ఇక్కడ ట్యాంకర్ రాదు, ఇల్లే కొళాయి దగ్గరకు వెళ్తుంది.

నింపడానికి గంట, కొళాయి ధార సన్నగా ఉంటే రెండు గంటలు. గొట్టం నేల మీద ఈడ్చకూడదు, దాని కొస కాలువలో పడకూడదు. కాలువ నీళ్లలో ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ క్రిములు ఉండొచ్చు. ట్యాంకునే ఏడాదికోసారి క్లోరిన్ కలిపిన నీళ్లతో శుద్ధి చేసుకోవాలి. పాత పడవల్లో ట్యాంకు విడిగా ఉండదు, పడవ ముక్కునే ట్యాంకుగా మలిచి ఉంటారు. అలాంటివాటిని కొన్నేళ్లకోసారి పూర్తిగా ఖాళీ చేసి, మనిషి లోపలికి దూరి తుప్పు గీకి, తాగునీటికి పనికొచ్చే పూత పూయాలి.

ట్యాంకు ఖాళీ అవడంలో మరో చిక్కు. 500 లీటర్లంటే అర టన్ను. నీళ్లు తగ్గేకొద్దీ పడవ ముందు భాగం తేలికై పైకి లేస్తుంది. నేల వాలు మారుతుంది. నిన్నటిదాకా సజావుగా పోయిన షవర్ నీళ్లు ఇవాళ ఒక మూల నిలుస్తాయి. షవర్ తొట్టి కాలువ నీటి మట్టానికి కిందుగా ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు వాటంతట అవి బయటికి పోలేవు, చిన్న మోటారు తోడిపోయాలి. వెంట్రుకలు, సబ్బు మడ్డి ఆ మోటారు ఫిల్టర్‌లో చేరతాయి. వారం వారం తీసి కడగకపోతే ముందు వాసన వస్తుంది, తర్వాత మోటారు కాలిపోతుంది. అంట్ల నీళ్లు, స్నానం నీళ్లు నేరుగా కాలువలోకే పోతాయి, ఇంగ్లండ్ కాలువల్లో దానికి అనుమతి ఉంది. అందుకే ఘాటైన క్లీనర్లు, బ్లీచ్ వాడొద్దని, తేలిగ్గా కుళ్లిపోయే సబ్బులు వాడమని పడవల వాళ్లకు పదేపదే చెబుతుంటారు.

## ఎవరూ ఫొటో తీయని పని

మరుగుదొడ్డి విషయంలో మూడు పద్ధతులున్నాయి. మొదటిది క్యాసెట్: సూట్‌కేసులా చక్రాలున్న సుమారు 20 లీటర్ల పెట్టె. ఇద్దరుంటే మూడు నాలుగు రోజులకు నిండుతుంది. దాన్ని ఎల్సన్ పాయింట్ అనే చోటికి తీసుకెళ్లి ఒంపి, కడిగి తేవాలి. రెండోది పంప్ అవుట్: పడవ అడుగున వందల లీటర్ల ట్యాంకు. రోజువారీ పని తగ్గుతుంది, కానీ నిండినప్పుడు పడవను బోట్‌యార్డుకు నడిపి, డబ్బు కట్టి తోడించుకోవాలి. చలికాలం కాలువ గడ్డకట్టి పడవ కదలకపోతే క్యాసెట్ ఉన్నవాళ్లు పెట్టెను బండి మీద నెట్టుకుంటూ వెళ్తారు. పంప్ అవుట్ వాళ్లకు ఆ వీలు లేదు. అందుకే అది ఉన్నవాళ్లలోనూ కొందరు అత్యవసరానికి ఒక క్యాసెట్ దాచుకుంటారు.

మూడోది ఘన, ద్రవ వ్యర్థాలను వేరు చేసే పొడి టాయిలెట్. నీళ్లు అక్కర్లేదు, రసాయనాలు అక్కర్లేదు, వాసన తక్కువ. దశాబ్దం పాటు దీనికి ఆదరణ బాగా పెరిగింది. చిక్కు చివరి అంచెలో ఉంది. మలం పూర్తిగా ఎరువుగా మారడానికి నెలలు పడుతుంది, అన్ని నెలలు నిల్వ చేసే చోటు పడవలో ఉండదు. చాలామంది సగం ఎండినదాన్ని సంచుల్లో కట్టి కాలువ గట్టు చెత్తడబ్బాల్లో వేసేవారు. 2021 డిసెంబరు 31 తర్వాత ఆ సంచులను తన డబ్బాల్లో వేయడాన్ని ట్రస్ట్ ఆపేసింది. ఇప్పుడు ఈ పద్ధతి ఎంచుకున్నవాళ్లు ఎరువు పూర్తయ్యేదాకా ఉంచడానికి సొంత స్థలమైనా చూసుకోవాలి, పైకప్పు మీద డబ్బాలైనా పేర్చుకోవాలి. పర్యావరణానికి మేలని మొదలైన ఏర్పాటు అమలు అంచెలో ఇరుక్కోవడం ఇలాగే జరుగుతుంది.

క్యాసెట్‌లో పోసే మందుల ఎంపికా కీలకమే. ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలిరంగు ద్రవాలు వాసనను చంపుతాయి, వాటితోపాటు సెప్టిక్ ట్యాంకులో మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియానూ చంపుతాయి. మారుమూల ఎల్సన్ కేంద్రాలు చాలావరకు సెప్టిక్ ట్యాంకుల మీదే నడుస్తాయి. పది పడవలు నీలి ద్రవం ఒంపితే ఆ కేంద్రం పనిచేయడం మానేస్తుంది, పదకొండో పడవ మరో కేంద్రం వెతుక్కోవాలి.

## చెమ్మతో రోజూ తగువు

పడవలో శుభ్రత పనుల్లో సగానికి మూలం చెమ్మ. బయటి గోడ పలుచని ఉక్కు, కిటికీల చట్రాలు అల్యూమినియం. శీతాకాలంలో రెండూ చల్లబడతాయి. లోపలి గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. ఆ గాలి చల్లని లోహాన్ని తాకినచోట నీటి బొట్లు కడతాయి. అవి కారి చెక్క కిందికి, పరుపు కిందికి, ఆపై నేల కింద ఉన్న ఖాళీలోకి చేరతాయి.

ఇంత తేమ ఎక్కడిదంటే మనుషుల ఊపిరి, ఆరేసిన బట్టలు, స్నానం, అన్నిటికీ మించి వంట. ఒక కిలో ప్రొపేన్ గ్యాస్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అంటే 13 కిలోల సిలిండర్ ఒకటి ఖాళీ అయ్యేసరికి 21 లీటర్ల నీళ్లు గదిలోకి వదిలినట్టే. గిన్నెలో మరిగే నీళ్ల ఆవిరి దీనికి అదనం. అన్నం, పప్పు రోజూ పొయ్యి మీద ఉడికే వంటింటికి ఈ లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది. గ్యాస్ హీటర్‌తో గది వెచ్చబెట్టుకుంటే చెమ్మ పెరగడానికీ కారణం ఇదే.

బొగ్గు, కట్టెల పొయ్యి దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది. మంటలోంచి పుట్టిన ఆవిరి పొగగొట్టం గుండా బయటికి పోతుంది, గదిలోకి పొడి వేడి వస్తుంది. నారోబోట్లలో ఇప్పటికీ ఇనుప పొయ్యే రాజ్యమేలడానికి కారణం అందం ఒక్కటే అనుకోనక్కర్లేదు. కానీ పొయ్యి ఉంటే దాని పనులుంటాయి. రోజూ బూడిద తీయాలి. నిప్పు పూర్తిగా ఆరిన బూడిదనే చెత్తలో వేయాలి, లేకపోతే డబ్బా అంటుకుంటుంది. పొగగొట్టంలో మసి పేరుకోకుండా క్రమం తప్పక బ్రష్ తిప్పాలి. పొయ్యి తలుపు అంచుల్లో సీలుగా ఉండే తాడు బిగువు తగ్గితే మార్చాలి. పచ్చి కట్టెలు కాలిస్తే తారు లాంటి జిగురు గొట్టం లోపల అంటుకుని, వాన పడ్డప్పుడు గోధుమరంగు చారలుగా పైకప్పు మీదికి కారుతుంది. తేమ 20 శాతం లోపున్న కట్టెలే వాడమనడానికి కారణం ఇదే. ఇంగ్లండ్‌లో చిన్న మొత్తాల్లో పచ్చి కట్టెల అమ్మకాన్ని 2021 మే నుంచి నిషేధించారు.

మసి మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి తిరుగుతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, ఇరుకు గదిలో ప్రాణం తీయడానికి ఎక్కువ సేపు పట్టదు. 2019 ఏప్రిల్ నుంచి బోట్ సేఫ్టీ స్కీమ్ నివాస గదులున్న పడవల్లో దాని అలారం తప్పనిసరి చేసింది. చలికి ఓర్వలేక గాలి రంధ్రాలను గుడ్డలతో మూసేవాళ్లు ఒకే దెబ్బకు రెండు కష్టాలు కొనితెచ్చుకుంటారు: చెమ్మ పెరుగుతుంది, విషవాయువు బయటికి పోయే దారి మూసుకుంటుంది.

మిగిలినవి చీపురు, గుడ్డ పనులు. ఉదయం లేవగానే కిటికీలు తుడవడం, పరుపు ఎత్తి నిలబెట్టడం, బీరువాల తలుపులు వారగా తీసి ఉంచడం, మూలల్లో బూజు పట్టిన చోట వెనిగర్‌తో తుడవడం. కిటికీ చట్రాల అడుగున సన్నటి రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోతే నీళ్లు లోపలికే కారతాయి. అగ్గిపుల్లతో పొడిచి తీస్తే ఐదు నిమిషాల పని. పట్టించుకోకపోతే కిటికీ కింద చెక్క కుళ్లి, పలక మొత్తం మార్చాల్సి వస్తుంది.

## నీటి గీత దగ్గర ఉక్కు

పడవ కొనుగోలుదార్లలో ఒక అపోహ గట్టిగా ఉంది: బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉంటే పడవ గట్టిదని. ఆ తనిఖీ నాలుగేళ్లకోసారి జరుగుతుంది. గ్యాస్, ఇంధనం, వైరింగ్, గాలి, మంటల భద్రత వంటివి చూస్తుంది. అడుగు పలకను తుప్పు ఎంత తిన్నదో అది చూడదు. పడవ నీళ్లలో ఉండగానే ఆ తనిఖీ అయిపోతుంది కూడా.

సాధారణంగా కొత్త నారోబోట్ అడుగు పలక 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, గది గోడలు 4. తుప్పు ఎక్కువగా తినేది నీటి గీత దగ్గర. అక్కడ గాలి, నీళ్లు మార్చి మార్చి తగులుతాయి, గట్టును, లాకు గోడలను ఒరుసుకుని పూత ఊడిపోతుంది, చలికాలంలో మంచు పలకలు గీకుతాయి. అందుకని రెండు మూడేళ్లకోసారి పడవను డ్రై డాక్‌లోకి (నీళ్లు తీసేసి పడవను ఎండు నేల మీద నిలబెట్టే చోటు) తెచ్చో, క్రేన్‌తో ఎత్తో, నాచు, మట్టి, గుల్లలు ఒత్తిడి నీళ్లతో కడిగి బిటుమెన్ అనే తారు లాంటి పూత పూస్తారు. దీన్నే బ్లాకింగ్ అంటారు. సొంతంగా చేసుకుంటే డాక్ అద్దె, పూత ఖర్చే. అయితే ఆ వారం పడవ ఎండు నేల మీద నిచ్చెన వేసుకుని ఎక్కే ఇల్లు అవుతుంది, సింకులో నీళ్లు పారబోయడానికీ వీలుండదు. ఎపాక్సీ పూత ఐదేళ్లు, అంతకన్నా ఎక్కువ నిలుస్తుంది. కానీ పాత బిటుమెన్ మీద అది అంటుకోదు. ఇసుక వంటి గరుకు పొడిని ఒత్తిడితో కొట్టి లోహాన్ని తెల్లగా తేల్చాకే పూయాలి, మొదటి ఖర్చు చాలా ఎక్కువ.

పూత పోయినచోట ఉక్కుకు రెండో కాపలా ఆనోడ్లు. ఉక్కు కన్నా త్వరగా కరిగే లోహపు ముద్దలను పక్కలకు వెల్డ్ చేస్తారు. నీళ్లలో విద్యుత్ రసాయన చర్య ముందు వాటిని తింటుంది, ఉక్కును వదిలేస్తుంది. మంచినీళ్లలో మెగ్నీషియం, సముద్రంలో జింక్ వాడతారు. మెరీనాలో, అంటే పడవలను అద్దెకు ఆపుకునే రేవులో, కరెంటు తీగ తగిలించి ఉంచే పడవకు మరో ప్రమాదం ఉంది. ఎర్త్ తీగ ద్వారా పక్క పడవలన్నీ కలిసి ఒక పెద్ద బ్యాటరీలా మారతాయి, ఆనోడ్లు లేని పొరుగు పడవను ఈ పడవ ఆనోడ్లు కాపాడటం మొదలుపెడతాయి. గాల్వానిక్ ఐసోలేటర్ అనే చిన్న పరికరం దాన్ని ఆపుతుంది. అది లేని పడవ కదలకుండా, సుఖంగా కరెంటు వాడుకుంటూనే అడుగున కరిగిపోతుంది.

వయసు మళ్లిన పడవకు పూర్తి బీమా ఇచ్చే ముందు చాలా కంపెనీలు పలకల మందాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచిన సర్వే అడుగుతాయి. 4 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే కొత్త పలకలు అతకమంటాయి. అక్కడికి వచ్చాక ఖర్చు వందల పౌండ్లలో ఉండదు, వేలల్లోకి వెళ్తుంది.

లోపలి నుంచి తినే తుప్పు మరింత మోసకారి. కిటికీల నుంచి కారిన చెమ్మ, షవర్ లీకు నేల చెక్కల కింద నిలిచి ఏళ్లపాటు ఎవరికీ కనపడదు. మరమ్మతులు తెలిసిన యజమానులు నేలలో ఒక చిన్న మూత పెట్టుకుని నెలకోసారి టార్చి వేసి చూస్తారు.

## ఇంజిన్, బ్యాటరీలు, వెనుక నీటి చుక్క

ప్రొపెల్లర్ ఇరుసు పడవ గోడను దాటి బయటికి వెళ్లే చోట గ్రీజులో నానిన నార వంటి చుట్టలతో బిగిస్తారు. ప్రయాణం అయ్యాక గ్రీజు పిడిని ఒకటి రెండు చుట్లు తిప్పితే ఆ సందు మూసుకుంటుంది. మర్చిపోతే చుక్క చుక్కగా నీళ్లు వచ్చి అడుగున చేరతాయి. పడవలో అతి తక్కువ సేపు పట్టే పని ఇదేనేమో, మానేస్తే పడవనే ముంచగలిగే పని కూడా. చేరిన నీళ్లను మోటారు తోడేస్తుంది, కానీ అందులో ఇంజిన్ ఆయిల్ కలిసి ఉంటే అది కాలువలోకి పోయి నేరమవుతుంది. అందుకే పీల్చే గుడ్డలు వేసి ఆయిల్‌ను ముందే తీసేస్తారు.

ప్రొపెల్లర్‌కు చుట్టుకున్నవాటిని తీయడానికి ఇంజిన్ గదిలో ఒక మూత ఉంటుంది. ప్లాస్టిక్ సంచులు, తాళ్లు, పాత బట్టలు అందులోంచి చేత్తో తీయాలి, ఇంజిన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాకే. పశ్చిమ లండన్‌లో సౌతాల్ వైపు గ్రాండ్ యూనియన్ కాలువలో మనవాళ్లు పూజ చేసి వదిలిన కొబ్బరికాయలు తేలడం పడవల వాళ్లకు మామూలు దృశ్యమే. మూత సరిగా బిగించకుండా ఇంజిన్ నడిపితే ప్రొపెల్లర్ చిమ్మిన నీళ్లు లోపలికి దూకుతాయి. కాలువ పడవలు మునిగిన ఘటనల్లో ఇదొక పాత కారణం.

కరెంటు లెక్క శీతాకాలంలో కటువుగా ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలను సగం కన్నా కిందికి దించకూడదు, తరచూ పూర్తిగా నింపాలి. సగంలో వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం తగ్గిపోతుంది. చివరి 20 శాతం నిండటానికే గంటలు పడుతుంది కాబట్టి, చాలామంది అక్కడికి రాకముందే ఇంజిన్ ఆపేస్తారు. ఫలితంగా బ్యాటరీలు రెండేళ్లకే పోతాయి. పైకప్పు సోలార్ పలకలు వేసవిలో ఈ చింత తీరుస్తాయి. డిసెంబరులో వాటి నుంచి జూన్‌లో వచ్చేదానిలో ఐదో వంతు కూడా రాదు, ఆకులు, పక్షి రెట్టలు తుడవకపోతే అదీ లేదు. అప్పుడు రోజుకు రెండు గంటలు ఇంజిన్ నడపాల్సిందే. నెలకు 60 గంటలు. 250 గంటలకోసారి ఆయిల్, ఫిల్టర్లు మార్చాలన్నది సాధారణ నియమం కనుక, కదలకుండా నిలబడ్డ పడవకు కూడా నాలుగు నెలలకే సర్వీసింగ్ వచ్చిపడుతుంది. పైగా ఆగి ఉన్నప్పుడు రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజిన్ నడపకూడదు. లిథియం బ్యాటరీలు చాలా బాధలు తీరుస్తాయి, అయితే సున్నా డిగ్రీల కింద వాటిని చార్జ్ చేయకూడదు.

డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల గాలి చెమర్చి నీళ్లు అడుగున చేరతాయి, ఆ నీళ్లకూ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లను జిగురుతో మూసేస్తాయి. చలికాలం ముందు ట్యాంకు నింపి ఉంచమనేది అందుకే.

పైకప్పు కడగడం, రంగు మీద మైనం పూయడం, ఇత్తడి తోమడం చూసేవాళ్లకు కనిపించే పనులు. వీటిలో అత్యవసరమైనది ఒక్కటే: తుప్పు చుక్క కనిపించగానే గీకి రంగు వేయడం.

## పద్నాలుగు రోజుల క్యాలెండర్

పైన చెప్పిన పనులు విడివిడిగా చూస్తే భయపెట్టేవి కావు. వాటిని దూరం, గడువు కలిసి కష్టం చేస్తాయి. కాలువలో వేగ పరిమితి గంటకు 4 మైళ్లు. ప్రయాణ సమయం అంచనాకు పడవల వాళ్లు మైళ్లు, లాకులు కలిపి గంటకు మూడు చొప్పున లెక్క వేస్తారు. ఎల్సన్ కేంద్రం 6 మైళ్ల దూరంలో ఉండి మధ్యలో 9 లాకులుంటే 5 గంటల ప్రయాణం. శీతాకాలపు పగలు దానికే సరిపోతుంది.

సొంత రేవు లేని వ్యక్తి ఎక్కడా 14 రోజులకు మించి ఉండలేడు, కొన్ని రేవుల్లో గడువు 48 గంటలే. కాబట్టి నీళ్లు, మురుగు, బొగ్గు, డీజిల్, ఉద్యోగానికి రైలు స్టేషన్ అన్నీ కుదిరే దారి ముందే గీసుకోవాలి. నవంబరు నుంచి మార్చి దాకా ట్రస్ట్ లాకుల మరమ్మతులకు కాలువ భాగాలను మూసేస్తుంది. దారి మూసుకుపోయిన వైపే కొళాయి ఉంటే ప్రణాళిక మొత్తం మళ్లీ వేయాలి. మెరీనాలో ఉండేవాళ్లకు కొళాయి, కరెంటు, ఎల్సన్ అడుగుల దూరంలో ఉంటాయి, దానికి అద్దె కడతారు. తిరిగేవాళ్లు ఆ అద్దెను గంటల్లో కడుతున్నారు. అద్దె ఎంత మిగిలిందని చెప్పే వీడియోల్లో ఈ గంటల లెక్క అరుదుగా కనిపిస్తుంది.

## ఆమ్‌స్టర్‌డామ్, ఆలప్పుళ, గోదావరి

ఆమ్‌స్టర్‌డామ్‌లో సుమారు 2,500 నివాస పడవలున్నాయి. అవి మామూలుగా కదలవు. కొళాయి, కరెంటు, మురుగు గొట్టం నేల మీది ఇంటికి ఉన్నట్టే ఉంటాయి. చాలావాటి అడుగు కాంక్రీటు తొట్టి, దానికి తుప్పు బెంగ లేదు. ఉక్కు అడుగున్నవి మాత్రం కొన్నేళ్లకోసారి డాక్‌కు వెళ్లక తప్పదు. అంటే నీళ్ల మీద ఉండటం ఒక్కటే ఇంగ్లండ్ కష్టానికి కారణం కాదని తేలుతుంది. కదులుతూ ఉండటం, నగర సేవలకు తెగి ఉండటం పెద్ద కారణాలు.

కేరళలో ఆలప్పుళ వైపు తిరిగే కెట్టువల్లం అనే చెక్క పడవ పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, జీడిగింజల నుంచి తీసిన నల్లటి జిగురు పూస్తారు. తుప్పుకు చోటు లేదు, ఎండిపోకుండా, పుచ్చిపోకుండా చూడాలి. అక్కడ ఉండేది పర్యాటకులు, శుభ్రం చేసేది సిబ్బంది. మురుగు మాత్రం వేంబనాడ్ సరస్సుకు ఏళ్లనాటి సమస్యగానే ఉంది.

గోదావరి డెల్టాలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక సాగునీటి కాలువలే రవాణా మార్గాలయ్యాయి. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగితే ధాన్యం పడవలు నడిచేవి, ఇంగ్లండ్‌లో ఆ పని గుర్రాలది. పడవల మీదే వండుకుని పడుకునే సరంగులు, కళాసీలు ఇక్కడా ఉన్నారు. రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ బతుకు ముగిసింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, గోదావరి, కృష్ణా భాగాలను 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినా అది రవాణా కోసమే.

## భారం ఎటు మళ్లుతోంది

సొంత రేవు లేకుండా తిరిగే పడవలపై ట్రస్ట్ 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సు మీద సర్‌చార్జి వేస్తోంది. మొదటి ఏడాది 5 శాతం, 2028 నాటికి దశలవారీగా 25 శాతం. కొళాయిలు, చెత్తడబ్బాలు, ఎల్సన్ కేంద్రాలను వీళ్లు ఎక్కువ వాడుకుంటారన్నది ట్రస్ట్ వాదన. రేవు దొరకని, కొనలేని పేదలే ఎక్కువ దెబ్బతింటారన్నది పడవల వాళ్ల అభ్యంతరం. రెండు మాటల్లోనూ నిజం ఉంది. మరోవైపు ప్రభుత్వం 2027 నుంచి పదేళ్లకు సుమారు 40 కోట్ల పౌండ్లు ఇస్తామంది. ధరల పెరుగుదల కలిపి చూస్తే ఇది పెద్ద కోత అని ట్రస్ట్ అంటోంది.

ఈ కోత నేరుగా పడవ లోపలి పనుల మీద పడే అవకాశం ఉంది. ఒక ఎల్సన్ కేంద్రం మూతపడితే చుట్టుపక్కల పడవలన్నిటికీ ప్రయాణం కొన్ని గంటలు పెరుగుతుంది, ఇంజిన్ గంటలు పెరుగుతాయి, సర్వీసింగ్ దగ్గరపడుతుంది. మిగిలిన కేంద్రాల మీద రద్దీ పెరిగి అవీ త్వరగా పాడవుతాయి. లాకు మరమ్మతు ఆలస్యమైతే డ్రై డాక్ బుకింగ్ తప్పిపోతుంది; డాక్‌ల్లో ఖాళీలు నెలల ముందే నిండుతాయి కాబట్టి బ్లాకింగ్ మరో ఏడాదికి వాయిదా పడుతుంది.

అందుకే సెకండ్ హ్యాండ్ పడవ బేరంలో తెలిసినవాళ్లు వంటగది హంగులు చూడకముందు నాలుగు కాగితాలు అడుగుతారు: పలకల మందం కొలిచిన సర్వే, చివరి బ్లాకింగ్ రసీదు, సేఫ్టీ సర్టిఫికెట్ గడువు, ఇంజిన్ సర్వీసు పుస్తకం. ఆ తర్వాత నేల చెక్క ఒకటి ఎత్తి కింద తడి ఉందేమో చేత్తో తడిమి చూస్తారు.